వాగు గట్టున ఇసుక సంచులు

మా బావ పోయాడన్న కబురు దేవరకొండ నుంచి బండ్ల కమాన్ల మేస్త్రీ ఫోన్ చేసి చెప్పాడు. పోయిన నెల, పొద్దున పూట. దవాఖానలో ఉన్న బావ కోసం ఉతికిన అంగీ, తువ్వాల సంచిలో పెట్టుకుని నేను అప్పుడే గడప దాటుతున్నాను. "మీ బావ లేడు, పెద్దమనిషీ" అన్నాడు మేస్త్రీ. నేను "సరే" అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకున్నాక గానీ ఏమన్నానో తెలియలేదు. మనిషి పోయాడంటే సరే అంటారా ఎవరైనా? నాకు చిన్నప్పటి నుంచీ అంతే. లోపల ఎంత ఉన్నా నోటికి వచ్చేది ఒకటో రెండో మాటలు.

ఉతికిన అంగీ ఆయనకే తొడిగాం. ఆ సంచి అట్లా పనికొచ్చింది.

ఇది చదువుతున్న మీకు మా బావ తెలియదు. మా అక్క పెనిమిటి. పెద్ద పనులేమీ చేసిన మనిషి కాడు. ఒక పాత పికప్ బండి తోలాడు. ఆ బండిని ఎత్తు చేయించాలా, చేయిస్తే ఇరుసు మీది ఇనుప పట్టీలు, అంటే కమాన్లు, ఎత్తించాలా, బాడీ ఎత్తించాలా అని ఒక ఎండాకాలమంతా కొట్టుకున్నాడు. ఆయన గురించి నాలుగు మాటలు రాయమని మా పాస్టరు గారు అడిగితే నాకు అదే గుర్తొచ్చింది. ఏడో తరగతి దాకా ఊరి బడిలో చదివి, ఆ తర్వాత బతుకంతా బావుల్లో బండ కొట్టినవాణ్ణి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా ఊరికీ దేవరకొండ రోడ్డుకూ మధ్య ఒక వాగు ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోయే ఉంటుంది. కానీ అడుగున పరుపుబండ, దాని మీద తలలు పైకి పెట్టుకున్న రాళ్లు. ఎన్నిసార్లు మొరం పోసినా మొదటి వానకే కొట్టుకుపోయేది. ఎడ్లబండ్లకు అది దారే. ట్రాక్టరుకూ దారే. పికప్‌కు మాత్రం కాదు. దాని కడుపు కింద డీజిల్ ట్యాంకు, సైలెన్సర్ గొట్టం వేలాడుతుంటాయి. అవి ఆ రాళ్లకు తగిలేవి.

మా వాళ్లకు వెనకటి నుంచీ భూమి లేదు. బావ ఒకరి దగ్గర జీతం ఉన్నాడు, ఇంకొకరి దగ్గర ట్రాక్టర్ తోలాడు. తెలంగాణ వచ్చిన రెండో ఏడో మూడో ఏడో చేతులు మారిన ఈ పికప్‌ను కొన్నాడు. బత్తాయిలు, పత్తి సంచులు, సంతకు మేకలు, పెండ్లిళ్లకు వంట గిన్నెలు, ఏదంటే అది వేసుకుని పోయేవాడు. బండి తీసే ముందు ఒక అలవాటు ఉండేది. తువ్వాల నేల మీద పరిచి, దాని మీద వెల్లకిలా పడుకుని, బండి కిందికి జరిగి, ట్యాంకుకూ నేలకూ మధ్య అరచెయ్యి నిలబెట్టి చూసేవాడు. ఎంత తొందర ఉన్నా సరే. చూసేవాళ్లు నవ్వేవారు. ఆయన దుమ్ము దులుపుకుంటూ లేచి, "మీదున్నది అందరికి కనవడ్తది. కిందున్నది పండుకున్నోనికే కనవడ్తది" అనేవాడు.

మాటలంటే ఆయనవే. బావా బామ్మర్దులం కదా, నన్ను ఏదో ఒకటి అనకుండా ఆయనకు పొద్దు గడిచేది కాదు. నేను మాట్లాడననేది ఆయనకు పెద్ద వినోదం. ఎవరైనా నన్ను పలకరిస్తే తానే జవాబు చెప్పి, "మా బామ్మర్ది మాటలు నా కాడనే కుదువ వెట్టిండు" అనేవాడు.

మా అక్క సంగతి చెప్పాలి. మా తట్టు పాత బోరు నీళ్లలో ఫ్లోరైడు సంగతి నల్లగొండ జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. ఇప్పుడు నల్లా నీళ్లు వస్తున్నాయి గానీ, అవి వచ్చేసరికే మా అక్క నడుము కట్టె అయిపోయింది. వంగలేదు. మెడ తిప్పి చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. ఆ తర్వాత మూత్రపిండాలు కూడా చెడిపోయాయి. వారానికి రెండు దినాలు దేవరకొండ దవాఖానలో మిషన్ మీద రక్తం కడిగించుకోవాలన్నారు. ఒక దినం తప్పితే ముఖం ఉబ్బేది. రెండు తప్పితే ఊపిరాడేది కాదు. అంటే ఆ వాగు దాటడం మీదనే ఆమె ప్రాణం నిలబడి ఉంది. పిల్లలు లేరు వాళ్లకు. తీసుకుపోవడానికి బావ, పట్టుకోవడానికి నేను.

ఖాళీ పికప్‌లో ఎప్పుడైనా కూర్చున్నారా? దాని కమాన్లు బరువుకు చేసినవి. వెనక బరువు లేకపోతే అవి వంగవు. ప్రతి గుంతకూ బండి ఎగిరి పడుతుంది. మనలాంటివాళ్లం ఒళ్లు వదులు చేసి కూర్చుంటాం, సర్దుకుపోతుంది. మా అక్క ఒళ్లు వదులయ్యేది కాదు. ప్రతి దెబ్బా తిన్నగా ఎముకకే తగిలేది. పైట కొంగు పంటి కింద పెట్టుకుని కూర్చునేది. చప్పుడు చేసేది కాదు. వెనక డోరు గొలుసు టకటకలాడితే ఆ మోతకు కూడా కళ్లు మూసుకునేది. బావ ఆ గొలుసుకు ఆమె పాత చీర ముక్క చుట్టాడు.

ఒకసారి బత్తాయి లోడు వేసుకుని, అదే బండిలో ఆమెను కూడా తీసుకుపోయాం. దేవరకొండ చేరాక చూస్తే అక్క నిద్రపోతోంది. బావ ఇంజను ఆపి, దిగకుండా, ఆమె ముఖం వైపే చూస్తూ కూర్చున్నాడు. బరువుంటే కమాన్లు వంగుతాయి, బండి మెత్తగా పోతుంది. ఆ సంగతి డ్రైవర్లందరికీ తెలిసిందే. కానీ ఆయనకు ఆ రోజే తెలిసినట్టుంది. మరునాడే యూరియా సంచుల్లో వాగు ఇసుక నింపి వెనక వేశాడు. అక్క పోయినప్పుడల్లా ఇసుక సంచులు కూడా పోయేవి.

మెత్తగా పోయింది, నిజమే. కానీ బరువుకు బండి కిందికి దిగింది. వాగులో రాళ్లు ట్యాంకుకు గట్టిగా తగలడం మొదలైంది. ఒకసారి సైలెన్సర్ గొట్టం ఊడిపోయింది. ట్యాంకుకే చిల్లి పడితే, అది కూడా మిషన్ దినం నాడు పడితే ఏం చేస్తాం? ఇదిగో, ఇక్కడ పడింది బండిని ఎత్తు చేయించాలన్న ఆలోచన.

దేవరకొండలో కమాన్ల మేస్త్రీ, కొంచెం అవతల బాడీల షెడ్డు ఆయన. బావ ముందు మేస్త్రీ దగ్గరికి పోయాడు. నేను పక్కనే నిలబడ్డాను.

"పట్టీలు రెండు ఎక్కిస్త, ఇరుసు మీద దిమ్మె వెడ్త" అన్నాడు మేస్త్రీ. "చాసీ లేస్తది, ట్యాంకు లేస్తది, అన్ని లేస్తయ్. బండి గుర్రం లెక్క నిలబడ్తది."

"మరి గుర్రమెక్కినోళ్ల నడుము సంగతేంది?" అన్నాడు బావ.

"నడుముకు నేను పట్టీలు ఎయ్యనే" అన్నాడు మేస్త్రీ. అక్కడున్నవాళ్లు నవ్వారు. బావ కూడా నవ్వాడు గానీ, వెంటనే షెడ్డు వైపు నడిచాడు.

షెడ్డు ఆయన వేరే మాట చెప్పాడు. బండి అడుగు చట్రం, ఆ చాసీని ముట్టడట. చాసీకీ బాడీకీ మధ్య దిమ్మెలు పెట్టి, క్యాబిన్‌నూ వెనక తొట్టినీ పైకి లేపుతాడట. అప్పుడు పెద్ద టైర్లు పడతాయి. కమాన్లు ఎట్లా ఉన్నవి అట్లానే ఉంటాయి, కుదుపు పెరగదు. ఆ చివరి మాట బావకు నచ్చింది. చాలా రోజులు మనసు అటే మొగ్గింది. ఊళ్లో హోటల్ కాడ కూర్చునేవాళ్లు ఎలక్షన్ అడిగినట్టు అడిగేవారు, కమాన్లు గెలుస్తున్నాయా, బాడీ గెలుస్తోందా అని. "ఇంక లెక్క వెడ్తున్నరు" అని చాయ్ తాగేవాడు బావ.

బాడీ ఎత్తించిన బండి ఒకటి షెడ్డు ముందర ఉంటే, ఒకరోజు తువ్వాల పరిచి దాని కింద పడుకున్నాడు. చెయ్యి నిలబెట్టి చూశాడు. పైకి చూస్తే అంత ఎత్తు. కింద మాత్రం మన బండి కంటే రెండు వేళ్లే ఎక్కువ, అది కూడా టైర్ల పుణ్యం.

"అన్నా, రాయి తగిలేది పొట్టకు గద" అన్నాడు లేచి. "నువ్వు నెత్తిని లేపుతున్నవ్."

"రెండు వేళ్లు లేసింది గదనే."

"నాకు నాలుగు వేళ్లు గావాలె. గంత ఎత్తుకు మా ఇంటామెను ఎవలు ఎక్కిస్తరు? నిచ్చెన ఏస్తవా?"

షెడ్డు ఆయన మెట్టు వెల్డింగ్ చేస్తానన్నాడు. బావ తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. ఇంటికి వచ్చి ఈ రెండు ముచ్చట్లూ అక్కకు చెప్తుంటే ఆమె మంచం మీద కూర్చుని మొత్తం విన్నది. విని, "ఊరందరిని అడిగినవ్. కూసునేది నేను గదనయ్యా" అన్నది.

మిషన్ మీద నుంచి దిగిన దినం ఆమెకు కొంచెం తేలికగా ఉండేది. అట్లాంటి ఒక దినం మేస్త్రీ దగ్గరికి తీసుకుపోయాం. కమాన్లు ఎత్తించిన పికప్ ఒకటి బండలు మోసేది అక్కడ నిలబడి ఉంది. బావ ఒక దిక్కు, నేను ఒక దిక్కు పట్టుకుని, మంచం ఎత్తినట్టు ఆమెను ఎత్తి కూర్చోబెట్టాం. గుట్ట కింద ఉన్న రాళ్ల దారిలో మేస్త్రీయే తోలాడు. నేను వెనక నిలబడి క్యాబిన్ అద్దంలోంచి చూస్తున్నాను. బండి ఎగిరింది. దారి ఒక పక్కకు వాలిన చోట ఊగింది కూడా. ఆమె వాలలేదు, వంగలేదు, కట్టెలా డోరుకు కొట్టుకుంది. కొంగు నోట్లో ఉంది.

దించాక బావ ఆమె కొంగు సర్దాడు. మేస్త్రీయే అడిగాడు, ఎట్లుందమ్మా అని.

"బండి మంచిగున్నది, బిడ్డా" అన్నది అక్క. "నేనే మంచిగ లేను."

ఆ తర్వాత బావ మేస్త్రీ దుకాణం ముందు నుంచి పోయినప్పుడు ఆగేవాడు గానీ, పట్టీల ఊసెత్తేవాడు కాదు. షెడ్డు వైపూ పోలేదు. ఎటూ తేలలేదు. వానలు దగ్గరికొచ్చాయి. వాన నీళ్లు పారితే రాళ్లు ఎక్కడున్నాయో కూడా కనబడదు.

తేల్చింది మా అక్కే. మిషన్ దినం నాడు వాగులో బండి కూర్చుండిపోయింది. ట్యాంకు ఒక రాయి మీద ఆనింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. బావ, నేను ఇసుక సంచులు ఒక్కొక్కటే దించుతున్నాం. చివరి సంచులు దిగుతుంటే కమాన్లు చప్పుడు చేశాయి, బండి దానంతట అదే పైకి లేచింది. రాయి వదిలింది. క్యాబిన్‌లో కూర్చున్న అక్క తల తిప్పలేక ముందు అద్దంలోకే చూస్తూ అడిగింది.

"ఇప్పుడెట్ల లేసిందయ్యా?"

"బరువు దిగింది, లేసింది" అన్నాడు బావ రొప్పుతూ.

"మరి ఎండకాలమంత ఎత్తుడు ఎత్తుడంటివి. గీడ దించరాదు? దాటినంక ఎక్కించుకోరాదు?"

బావ నా ముఖం చూశాడు. నేను బావ ముఖం చూశాను. ఆయన సంచి మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ల వెంట నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

ఆ రోజు నుంచి వాగుకు రెండు గట్ల మీదా ఇసుక సంచులు ఉండేవి. ఊరి నుంచి సంచులతో పోతాం. ఊరి గట్టు మీద అవి దించుతాం. బండి తేలికై లేస్తుంది, రాళ్లు దాటుతుంది. అవతలి గట్టు మీద వేరే సంచులు ఉంటాయి, అవి ఎక్కిస్తాం. బండి దిగుతుంది, అక్క దేవరకొండ దాకా మెత్తగా పోతుంది. వచ్చేటప్పుడు ఆ సంచులు ఆ గట్టుకే దించి, వాగు దాటి, మా గట్టు సంచులు ఎక్కించుకుని ఇల్లు చేరతాం. వాగులో మాత్రం నత్త నడక. ఎప్పుడన్నా వరద వస్తుందనిపిస్తే ఒక దినం ముందే పోయి దేవరకొండలో ఉండేవాళ్లం.

క్యాబిన్‌లో అక్క పక్కన ఆమెకు ఒళ్లు తగలకుండా కూర్చునే జాగా లేక నేను వెనక సంచుల మీద కూర్చునేవాణ్ణి. వాగు రాగానే సంచులతో పాటు నేనూ దిగాలి. "నువ్వు సుత ఒక సంచివే, బామ్మర్దీ" అనేవాడు బావ. "మాట్లాడని సంచివి." ఆయన సంచి దించుతూ అనేవాడు, ఎక్కిస్తూ అనేవాడు. అక్క లోపలి నుంచి, "మా తమ్మున్ని జర మెల్లగ దించు" అనేది.

ఊరివాళ్లకు అదొక గుర్తయింది. మా గట్టు మీద సంచులు కనబడితే అక్క ఇంకా దవాఖానలో ఉన్నట్టు. గట్టు ఖాళీగా ఉంటే ఇల్లు చేరినట్టు. వాగు మడుగులో బట్టలు ఉతకడానికి పోయిన ఆడవాళ్లు వచ్చి ఊళ్లో చెప్పేవారు, సంచులు లేవు, వచ్చినట్టుంది అని.

అట్లా కొన్నేళ్లు గడిచాయి. ఆమెకు మిషన్ ఒక్క దినం కూడా తప్పనివ్వలేదు బావ.

ఆమె దవాఖానలోనే పోయింది. మిషన్ మీద ఉండగానే, పెద్దగా బాధ లేకుండా. బావ ఎవరి బండీ వద్దన్నాడు. మన బండిలోనే అన్నాడు. వెనక చెక్క వేసి పడుకోబెట్టాం. సంచులు చెక్కకు అటూ ఇటూ సర్ది, నేను ఆమె తల దగ్గర కూర్చున్నాను. వాగు అవతలి గట్టు మీద ఎప్పటిలాగే సంచులు దించాడు. రాళ్లు దాటాం. మా గట్టెక్కాక బండి ఆగింది. పొద్దున మేము దించిపోయిన సంచులు అక్కడున్నాయి. బావ దిగాడు. ఒక సంచి మీద చెయ్యి వేశాడు. "ఇగ ఎందుకు తియ్యి" అని పోయి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

అక్కడి నుంచి ఇల్లు ఎంతో దూరం లేదు. కానీ ఆ దారి మీకు తెలియదు. బండి ఖాళీది. ప్రతి గుంతకూ ఎగిరింది. ఆమె తల నా రెండు చేతుల్లో పెట్టుకుని ఉన్నాను. చెక్క మాత్రం కొట్టుకుంది. టప్, టప్ అని. బావకు అది వినబడుతూనే ఉంది. ఒకచోట బండి దాదాపు ఆపాడు. వెనక్కి తిరిగి పోదామనుకున్నాడేమో. అప్పటికే ఊరి జనం ఎదురొస్తున్నారు.

మట్టి అయ్యాక, అందరూ పోయాక, నా పక్కకు వచ్చి అడిగాడు.

"నువ్వు పట్టుకున్నవు గద, బామ్మర్దీ?"

"పట్టుకున్న, బావా" అన్నాను.

తర్వాత ఎన్నిసార్లు అడిగాడో నేను చెప్పలేను. చాయ్ తాగుతూ అడిగేవాడు. బత్తాయిలు ఎత్తుతూ మధ్యలో ఆగి అడిగేవాడు. చర్చిలో పాట జరుగుతుంటే నా వైపు వంగి అడిగేవాడు. నా జవాబు అదే. ఆయనకు అది సరిపోయేది, ఒక పూటో రెండు పూటలో.

మా గట్టు మీది సంచులను ఆయన ఎక్కించలేదు. ఇంకెవరూ ముట్టలేదు. అవతలి గట్టువి ఎవరో గోడ కట్టుకుంటూ తీసుకుపోయారు. ఇటువి వరద అందని ఎత్తులో ఉండడంతో అట్లానే ఉండిపోయాయి. గుర్తు గుర్తే కదా. సంచులు ఉన్నాయంటే మా అక్క ఇంకా ఇల్లు చేరనట్టు. ఎవరూ పైకి అనలేదు గానీ, బట్టలుతికే ఆడవాళ్లు ఆ పక్క బండను వదిలేసి కిందికి జరిగారు. పొద్దు వాలాక మేకలు కాసేవాళ్లు కూడా అటు నుంచి వచ్చేవారు కాదు. ఒకామె నాతోనే అన్నది, సంచుల మీద నిటారుగా ఎవరో కూర్చున్నట్టు కనబడిందని. మెడ తిప్పలేదట.

ఏడాది తిరిగేసరికి వాగు మీద బ్రిడ్జి వచ్చింది. పాత దారికి కొంచెం ఎగువన, ఎత్తుగా, నున్నగా. పదేళ్లు ముందు వచ్చి ఉంటే అని మీరు అనుకుంటారు. మేమూ అనుకున్నాం, ఒకసారి అనుకుని ఊరుకున్నాం. బావ బ్రిడ్జి మీద నుంచే పోయేవాడు. దాని మీద ఉన్నంతసేపూ ఎగువ దిక్కే చూసేవాడు. దిగువన సంచులున్నాయి. నేను పక్కన కూర్చునేవాణ్ణి. అవును, పక్కనే. ఇప్పుడు క్యాబిన్‌లో జాగా ఉంది. కానీ డోరు పక్కన ఆమె కూర్చునే చోట కూర్చోనిచ్చేవాడు కాదు. నడుమ జరగమనేవాడు. డోరు దగ్గర ఖాళీ ఉండేది. దేవరకొండ దాకా ఇద్దరం ఒకరినొకరం ఒరుసుకుంటూ పోయేవాళ్లం. గుంతలు వస్తే బ్రేకు వేసి, ఆ ఖాళీ దిక్కు ఒకసారి చూసేవాడు.

మాటలు కూడా తగ్గాయి. నన్ను సంచి అనడం మానేశాడు. అనమని నేనెట్లా అడుగుతాను?

ఒకరోజు కమాన్ల మేస్త్రీ మంచి మాటే చెప్పాడు, ఇప్పుడు ఒక్కడివే కదా, పట్టీలు ఎక్కిస్తాను, బండలు మోసే కిరాయిలు దొరుకుతాయి అని. బావ తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడు ఎత్తిస్తే మరి అప్పుడెందుకు ఎత్తియ్యలేదంటది" అన్నాడు.

మేస్త్రీ నా వైపు చూశాడు. ఆ తర్వాత ఆ మాట మళ్లీ తేలేదు.

ఈ ఏడు చలికి బావకు ఊపిరి కష్టమైంది. దవాఖానలో చేర్చాం. మిషన్ గది ఉన్న వరండా చివరనే ఆయన మంచం. ఆయన కళ్లు ఎప్పుడూ ఆ గది తలుపు మీదే. ఆఖరుసారి నేను దగ్గర కూర్చున్న రోజు దుప్పటి పక్కకు జరిపి లేచి కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"ఆ సంచులు ఇంక ఉన్నయా?"

"ఉన్నయి, బావా."

"అయితే మీ అక్క ఇంక గట్టు కాడనే ఉన్నది" అన్నాడు. మంచి నీళ్లు కావాలన్నంత మామూలుగా అన్నాడు. "ఇంటి దాకా తెచ్చిన అనుకున్న. తేలే. గట్టు దాకనే మంచిగ తెచ్చిన."

నేను పట్టుకున్నానని చెప్పబోయాను. ఈసారి ఆయన అడగలేదు. అడగకుండా చెప్పడం నాకు రాలేదు. అంగీ మాసిపోయింది, రేపు ఉతికింది పట్టుకురా అన్నాడు. అదే ఆఖరు మాట.

దవాఖానలో చేరిన నాటి నుంచీ ఆయన బండి మేస్త్రీ దుకాణం ముందరే ఉంది. పెట్టెను అందులోనే ఎక్కించాం. మేస్త్రీ తానే తోలతానన్నాడు. నేను వెనక పెట్టె పక్కన కూర్చున్నాను. చుట్టాలు, సంఘంవాళ్లు ఆటోలలో, మోటార్‌సైకిళ్ల మీద వెంట వస్తున్నారు. బ్రిడ్జి దగ్గరికి వచ్చాం. నేను క్యాబిన్ అద్దం మీద కొట్టాను.

"కిందికెల్లి పోనీ" అన్నాను.

మేస్త్రీ మెడ బయటికి పెట్టి చూశాడు. "బ్రిడ్జి ఉన్నది గద, పెద్దమనిషీ. గాడ రాళ్లున్నయి."

"కిందికెల్లి."

వెనక వచ్చేవాళ్లు ఏమైందని దిగారు. పొద్దు పోతుందని ఒకరు, పెట్టె కదులుతుందని ఒకరు. నేను పాత దారి వైపు చెయ్యి చూపించాను. మేస్త్రీ బండిని పాత దారికి తిప్పాడు. వాగులో రాళ్ల ముందు ఆపి, దిగి, తన తువ్వాల పరుచుకుని బండి కింద పడుకున్నాడు. బావ చూసినట్టే చెయ్యి నిలబెట్టి చూశాడు. దాటాం. ఒక్క రాయి కూడా తగలలేదు.

మా గట్టు మీద పెట్టెను కిందికి దించాం, సంచుల పక్కన. నేను మొదటి సంచి ఎత్తబోతే అది చేతిలోనే పొడి పొడి అయింది. ఎండకు యూరియా సంచులు పేలికలైపోయాయి. ఇసుక మాత్రం సంచి ఆకారంలోనే గట్టిపడి నిలబడి ఉంది. నేను పేలికలు ఏరి పక్కన పెట్టి, రెండు చేతులతో ఇసుక తీసి బండిలో పోయడం మొదలుపెట్టాను. కాసేపు అందరూ చూశారు. తర్వాత బట్టలుతకడానికి వచ్చిన ఒకామె తన తట్ట ఖాళీ చేసి ఇచ్చింది. సంచుల మీద ఎవరో కూర్చున్నారని నాతో చెప్పిన ఆమే. తర్వాత అందరూ చేతులు వేశారు. మొత్తం ఇసుక ఎక్కింది. బండి కిందికి దిగింది. ఇసుక చదును చేసి, పెట్టెను దాని మీద పెట్టాం.

మేస్త్రీ నత్తలా తోలాడు. గుంతలు వచ్చాయి, పోయాయి. పెట్టె కొట్టుకోలేదు. గొలుసుకు చుట్టిన చీర ముక్క రంగు పోయింది గానీ ఇంకా ఉంది, అది కూడా చప్పుడు చేయలేదు. పెట్టె మీద చెయ్యి వేసి కూర్చుని, ఆ దారిలో నేను ఒకే మాట అన్నాను.

"పట్టుకున్న."

ఇంటి ముందర దిగేటప్పుడు మేస్త్రీ నా భుజం మీద చెయ్యి వేసి, "బండి ఎత్తకున్నా మెత్తగ పాయె గద" అన్నాడు.

బావను అక్క పక్కన పెట్టాం. ఇప్పుడు మా గట్టు మీద ఏమీ లేదు. సంచులున్న చోట గడ్డి మొలవని తెల్లటి నేల, అంతే. ఆడవాళ్లు మళ్లీ ఆ బండ మీదికి వచ్చారని విన్నాను.

బండి మా ఇంటి ముందర ఉంది. నాకు తోలరాదు. అందులో ఇసుక అట్లానే ఉంది. బరువు మీద ఉంచితే కమాన్లు కూర్చుండిపోతాయి, దించెయ్యి పెద్దమనిషీ అని మేస్త్రీ ఫోన్ చేసి చెప్పాడు. సరే అన్నాను. ఇంకా దించలేదు.

నిన్న పొద్దున తువ్వాల పరిచి బండి కింద పడుకున్నాను. ఈ వయసులో పడుకోవడమే కష్టం, లేవడం ఇంకా కష్టం. ట్యాంకు కింద అరచెయ్యి నిలబెట్టి చూశాను. చెయ్యి నిలవలేదు. బండి అంత కిందికి ఉంది, ఇద్దరు ఎక్కి కూర్చుని, ఇక పోనీ అనడానికి చూస్తున్నట్టు.